బొట్టు పెట్టించుకున్న చిప్పు

ఒక ఇంజనీరింగ్ కాలేజీ పరువు తీయాలంటే ఏం కావాలి? సమ్మెలు అక్కర్లేదు, కాపీలు అక్కర్లేదు. మా నాన్నగారి పాత పట్టుపంచె ఒకటి చాలు. దాన్ని కట్టుకోవడానికి నాలాంటి బుద్ధిమంతుడు ఒకడుండాలి, అంతే. ఆ పంచెతో నేను తెచ్చిపెట్టిన ఉపద్రవం ఇప్పుడు చెబుతాను. నవ్వొస్తే నవ్వుకోండి, నేనేమీ అనుకోను. అనుకునే హక్కు నాకు ఎప్పుడో పోయింది.

ఎనభైల నాటి మాట. గుంటూరుకి కాస్త ఎడంగా, మిరపచేల మధ్యన, కొత్తగా ఒక ఇంజనీరింగ్ కాలేజీ వెలిసింది. అందులో నేను ఎలక్ట్రానిక్స్ లెక్చరర్ని. లెక్చరర్ అంటే టెంపరరీ. వేసవి సెలవులు ఇచ్చేటప్పుడు మళ్ళీ రమ్మంటారో, ఇటునుంచి ఇటే పొమ్మంటారో చెప్పలేని ఉద్యోగం. పెదకాకానిలో అమ్మా నేనూ ఉండేవాళ్ళం. నాన్నగారు బడిపంతులుగా చేసి, నేను ఇంటర్లో ఉండగా పోయారు. ఆయన ఆస్తిలో నా వాటాకి వచ్చింది ఆ పట్టుపంచె ఒక్కటే.

మా హెడ్డు నరసింహారావు గారని, పెద్దాయన. మాట తక్కువ, ఓపిక ఎక్కువ. ఆయనకి ఒక పిచ్చి ఉండేది. మిరపకాయల్లోంచి తాలు ఏరే యంత్రం తయారుచెయ్యాలని. తాలు అంటే మా వైపు వాళ్ళకి చెప్పక్కర్లేదు. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. కళ్ళంలో ఎర్రటి కాయల మధ్య పాలిపోయి, మచ్చలు పడి, తెల్లబోయిన కాయలు కొన్ని ఉంటాయి. వాటిని ఏరకుండా బస్తాలకెత్తితే మార్కెట్ యార్డులో కొనేవాడు గుప్పెడు కాయలు తీసి చూసి మొహం తిప్పేసుకుంటాడు. అందుకని ఆడవాళ్ళు ఎండలో కూర్చుని, ఘాటుకి తుమ్ముకుంటూ, రోజుల తరబడి ఏరుతారు. ఆ పని టీవీ కెమెరాతో చేయించవచ్చు కదా అన్నది హెడ్డుగారి ఆలోచన.

ఆలోచన ఆయనది, డబ్బు కోటయ్య గారిది. కోటయ్య గారు మా కాలేజీ కమిటీకి ప్రెసిడెంటు. ప్రత్తిపాడులో పెద్ద రైతు. మిరపా పత్తీ రెండూ వేస్తాడు. ఆయన గుసగుసగా మాట్లాడినా పక్క పొలంలో వినపడుతుంది. హెడ్డుగారు ల్యాబు అడిగితే ఆయన మొహమాటం లేకుండా చెప్పాడు.

"మిషను ఆడితే ల్యాబు కట్టిస్తా. ఆడలేదా, ఆ గదిలో నా పత్తి నింపిన బోరేలు వేసుకుంటా. ఇందులో దాపరికమేం లేదు."

హెడ్డుగారు నన్ను పక్కకి పిలిచి, ల్యాబు వస్తే దాన్ని చూసుకోవడానికి మనిషి కావాలి, ఆ మనిషివి నువ్వే, అప్పుడు నీ ఉద్యోగం పర్మనెంటు అన్నారు. అంటే ఆయన కలా, నా కూడూ, రెండూ ఆ మిరపకాయకే వేలాడుతున్నాయన్నమాట.

యంత్రంలో అన్నీ సమకూరాయి, ఒక్కటి తప్ప. ఇక్కడ కొంచెం చదువు చెబుతాను, భయపడకండి, పరీక్ష పెట్టను. లోకంలో వెలుగైనా చప్పుడైనా నూనె ధారలాగా తెగకుండా వస్తుంది. కంప్యూటరుకి ధార తెలియదు. దానికి లెక్కే తెలుసు. ధారని గిద్దల్లో కొలిచి, ఇన్ని గిద్దలు అని చెప్పే కొలతమనిషి మధ్యలో ఉండాలి. ఆ కొలతమనిషే అనలాగ్ టు డిజిటల్ కన్వర్టర్ అనే చిప్పు. మామూలు చిప్పులు తీరిగ్గా కొలుస్తాయి. టీవీ కెమెరా అంత తీరిక ఇవ్వదు. బొమ్మని గీస్తూ చెరిపేస్తూ పరుగెడుతుంది. తీరిక చిప్పు మిరపకాయ తొడిమ చూసేలోపు కాయ బస్తాలోకి పోయి, బస్తా లారీ ఎక్కుతుంది.

కాబట్టి వేగంగా కొలిచే చిప్పు కావాలి. అది మన దేశంలో దొరకదు. హెడ్డుగారు బొంబాయిలో ఉన్న స్నేహితుడి చేత పైదేశం నుంచి ఒకటి తెప్పించడానికి నెలల తరబడి ప్రయత్నించారు. రోజూ పోస్టుమాను రాగానే ఆయన లేచి నిలబడేవారు. పోస్టుమాను చెయ్యి ఊపి వెళ్ళిపోయేవాడు. ఆయన మళ్ళీ కూర్చునేవారు.

చివరికి ఒక శనివారం వచ్చింది. వాడే పద్ధతి రాసిన కాగితాల కట్ట, దాని మీద అగ్గిపెట్టెంత అట్టపెట్టె. అందులో నల్లటి స్పాంజి ముక్క. దానికి కాళ్ళు గుచ్చుకుని, జెర్రిలాగా పడుకుని ఉంది చిప్పు. హెడ్డుగారు దాన్ని ముట్టుకోలేదు. పురిటిగది గుమ్మంలో నిలబడ్డ తాతలాగా దూరం నుంచే చూశారు.

"కోటయ్య గారు సోమవారం వస్తున్నారు. ఈ కాగితాలు మొదటి నుంచి చివరిదాకా చదువు, ఫణీ. చిప్పుని మాత్రం బీరువాలో పెట్టి వెళ్ళు. సోమవారం పొద్దున బిగిద్దువుగాని."

అలాగేనండీ అన్నాను. ఆయన చెప్పింది రెండు పనులు. రెండూ చెయ్యలేదు.

కాగితాలు బస్సులో తెరిచాను. ఆ మొదటి పేజీ ఉంది చూశారూ, పెళ్ళిచూపుల్లో పెళ్ళికొడుకు తండ్రి మాట్లాడినట్టుంది. సెకనుకి కోటిన్నర సార్లు కొలుస్తుందట. కొలిచిన ప్రతిసారీ అరవై నాలుగు మెట్లలో ఏ మెట్టో తేల్చి చెబుతుందట. ఒక్క మెట్టు కూడా తప్పిపోదట. ఇంత తక్కువ కరెంటుతో ఇంత పని చేసే చిప్పు భూమ్మీద లేదట. కోటి విద్యలూ కూటి కొరకే అన్నారు పెద్దలు. మా చిప్పుకి కోటిన్నర విద్యలు, అన్నీ తాలుకాయ కొరకే. నాకు ఒళ్ళు పులకరించింది. ఆ పులకరింతలో రెండో పేజీ తిప్పడం మర్చిపోయాను. పెళ్ళికొడుకు సంగతి అసలు తెలిసేది చివరి పేజీల్లో అని నాకు అప్పటికి లోకానుభవం లేదు.

చిప్పు బీరువాలో లేదు. నా చొక్కా జేబులో ఉంది. అమ్మకి చూపించాలనిపించింది. పైదేశం నుంచి విమానంలో వచ్చిన వస్తువు మన ఇంట్లో అడుగుపెట్టిందంటే అమ్మ పొంగిపోదూ? ఆ పాటి గొప్ప చెప్పుకోకపోతే ఇంజనీరింగ్ ఎందుకు చదివినట్టు!

అమ్మ పొంగిపోయింది. పొంగిపోయి వెంటనే కార్యక్రమంలోకి దిగింది.

"నీ ఉద్యోగం దీని మీదే ఆధారపడి ఉందంటున్నావు. స్వామి ముందు పెట్టకుండా వాడతావుట్రా? పక్కింటివాళ్ళు స్కూటరు కొంటే నిమ్మకాయలు తొక్కించకుండా వీధి దాటించారా?"

నిమ్మకాయలు తొక్కించడం నేనూ చూశాను. పైగా, నిజం చెప్పొద్దూ, నాకూ లోపల్లోపల పూజ చేయించాలనే ఉంది. కోటయ్య గారి పత్తి బోరేలు కళ్ళముందు కదులుతున్నాయి.

ఆదివారం పొద్దున్నే తలంటి పోసుకున్నాను. మాఘమాసం. ఎండకి మిరపకాయలు గలగలలాడే రోజులు. దండెం మీద ఆరిన పట్టుపంచె కర్రముక్కలాగా ఉంది. కట్టుకుంటుంటే చిటపటలాడింది. చేతి మీద వెంట్రుకలన్నీ లేచి నిలబడ్డాయి. అమ్మ అది చూసి, మడి మహిమ అంది. నేను తలూపాను. ఎలక్ట్రానిక్స్‌లో ఫస్టు క్లాసు తెచ్చుకున్నవాణ్ణి, తలూపాను!

చెక్కపీట మీద కూర్చున్నాను. ఎదురుగా పళ్ళెంలో చిప్పు.

"ఆ నల్ల ముక్క ఏమిట్రా? దేవుడి ముందు నలుపు పెడతారా ఎవరైనా? తీసెయ్."

తీసేశాను. స్పాంజి నుంచి ఊడబెరికి, నల్లముక్కని కిటికీలోంచి పారేశాను. చిప్పుని అమ్మ పట్టు జాకెట్టు గుడ్డ ముక్క మీద పడుకోబెట్టాను. దుమ్ము ఉంటే అపచారమని పంచె కొంగుతో నాలుగుసార్లు శుభ్రంగా తుడిచాను కూడా. తర్వాత నీళ్ళు చల్లబోతుంటే మాత్రం అమ్మని ఆపాను. ఎంతైనా చదువుకున్నవాణ్ణి కదా, నీళ్ళు తగిలితే పాడవుతుందని నాకు తెలుసు.

అమ్మ పసుపు రాసి కుంకుమబొట్టు పెట్టింది. నేను పువ్వు వేసి, భక్తిగా వంగి, చిప్పు కాళ్ళకి చూపుడువేలు తాకించి కళ్ళకద్దుకోబోయాను. ఆ తాకిన చోట చురుక్కుమంది. చీమ కుట్టినట్టు. ఉలిక్కిపడి అమ్మకి చెప్పాను. అమ్మ రెండు చేతులూ జోడించి, స్వామి పలికాడురా నాయనా, ఇక నీ పని అయిపోయినట్టే అంది.

శివుడాజ్ఞ లేనిదే చీమైనా కుట్టదంటారు కదా. నేనూ నమ్మాను. నా పని అయిపోయినట్టే అన్న మాట మాత్రం అక్షరాలా నిజమైంది.

సోమవారం పొద్దున హెడ్డుగారు వచ్చేలోపే చిప్పుని యంత్రంలో బిగించి మూత వేసేశాను. బొట్టు కనబడితే ఆయన ఏమంటారో అని బెరుకు. ఆయన నమ్మకాలు వేరు. యంత్రం పనితీరు చాలా తేలిక. కెమెరా ముందు పచ్చగాజు ఉంటుంది. అందులోంచి చూస్తే ఎర్ర కాయ నల్లగా, తాలు కాయ తెల్లగా కనబడుతుంది. చిప్పు ఆ నలుపు తెలుపులకి మార్కులు వేస్తుంది. తక్కువ మార్కులొస్తే మంచి కాయ, పచ్చ బల్బు వెలుగుతుంది. ఎక్కువ మార్కులొస్తే తాలు, గంట మోగుతుంది. మార్కులు తక్కువ వచ్చినవాడే మంచివాడు కాబట్టి మా విద్యార్థులకి ఆ యంత్రమంటే ఎంతో గౌరవం.

పరీక్షించకుండా ఉన్నానని అనుకోకండి. ఇంటి నుంచి అమ్మ డబ్బాలోని మిరపకాయలు దోసెడు తెచ్చాను. ఒక్కొక్కటే పెట్టి మీట నొక్కాను. ప్రతి కాయకీ పచ్చ బల్బు వెలిగింది. హెడ్డుగారు చూసి కళ్ళు తుడుచుకున్నారు. నా వీపు మీద చెయ్యి వేసి, సాధించావయ్యా అన్నారు. మా అమ్మ తాలుకాయని ఇంటి గడప తొక్కనివ్వదన్న సంగతి ఆ క్షణంలో నాకూ తట్టలేదు, ఆయనకీ తట్టలేదు. చుట్టూ మైళ్ళకొద్దీ మిరప కళ్ళాలు, ఒక్క తాలుకాయ కోసం వీధి దాటినవాడు లేడు.

కోటయ్య గారు జీపు దిగాడు. వెనకాల పాలేరు రెండు గోతాలు దింపాడు. ఒకదాంట్లో ఎర్రకాయలు, ఒకదాంట్లో తాలు. కమిటీవాళ్ళూ, లెక్చరర్లూ, కిటికీల్లో విద్యార్థులూ, గది నిండిపోయింది. ఘాటుకి నలుగురు తుమ్మారు. శుభమే అన్నాను మనసులో.

ఎర్ర కాయ పెట్టాను. పచ్చ బల్బు. చప్పట్లు.

ఇంకో ఎర్ర కాయ. పచ్చ బల్బు. మళ్ళీ చప్పట్లు. కోటయ్య గారు మీసం సవరించుకున్నాడు. ఆ తర్వాత తాలు గోతంలో చెయ్యి పెట్టి, తెల్లగా పాలిపోయిన కాయ ఒకటి తీసి తనే పెట్టాడు. నేను మీట నొక్కి గంట కోసం చూశాను.

పచ్చ బల్బు వెలిగింది.

హెడ్డుగారు నవ్వడానికి ప్రయత్నించి, ఆ కాయకి తొడిమ దగ్గర కాస్త ఎరుపు ఉందేమో అన్నారు. ఇంకోటి పెట్టాం. పచ్చ బల్బు. ఇంకోటి. పచ్చ బల్బు. కోటయ్య గారు జేబులోంచి విచ్చిన పత్తికాయ తీసి పెట్టాడు. మల్లెపువ్వులాంటి పత్తి. నేను దేవుణ్ణి తలుచుకుని నొక్కాను. యంత్రం దాన్ని మేలురకం మిరపకాయ అంది.

"ఏందయ్యా పంతులూ ఇది? దీనికి తాలంటే పడదా?"

ఆయన భుజం మీది తెల్ల కండువా తీసి పెట్టాడు. మేలురకం మిరపకాయ. కమిటీ మెంబరు ఒకాయన తన కళ్ళజోడు తీసి కెమెరా కింద పెట్టాడు. మేలురకం. కిటికీలో విద్యార్థి ఎవడో, సార్ హాల్ టికెట్ పెట్టమంటారా అన్నాడు. గదంతా గొల్లుమంది. నాకేం చెయ్యాలో తోచక, కెమెరా కింద వైర్లు సర్దబోతూ నా చెయ్యి పెట్టాను. పొరపాటున మీట తగిలింది. నా చెయ్యికి కూడా పచ్చ బల్బు వెలిగింది. సిగ్గు లేదు చూడండి, అంత ఆపదలోనూ లోపల ఎక్కడో చిన్న సంతోషం కలిగింది. మనమూ మేలురకమే అని.

కోటయ్య గారు కండువా దులుపుకుని భుజాన వేసుకుని బయటికి నడిచాడు. జనం ఆయన వెంట పోయారు. గదిలో హెడ్డుగారూ నేనూ మిగిలాం.

ఆయన యంత్రం మూత తీశారు. లోపలికి వంగి చూశారు.

"దీనికి బొట్టెవరు పెట్టారయ్యా?"

చెప్పాను. అమ్మ సంగతీ, స్పాంజి సంగతీ, చెక్కపీట సంగతీ, చీమ కుట్టిన సంగతీ. పట్టుపంచె దగ్గరికి వచ్చేసరికి ఆయన చెయ్యెత్తి ఆపారు. నా సంచిలోంచి ఆ కాగితాల కట్ట తీసి, చివరి పేజీ తిప్పి నా ముందు పెట్టారు. అక్కడ నల్లటి గడి కట్టి మరీ రాసి ఉంది. నల్ల స్పాంజిలోంచి అనవసరంగా తీయవద్దని, పొడిగాలిలో సిల్కు, నైలాను బట్టల దగ్గరికి తేవద్దని, మనిషి ఒంట్లో చేరిన కరెంటు ఒక్క చిటుక్కుతో లోపలి భాగాలని కాల్చేస్తుందని. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నవాళ్ళని చూశాను. చిప్పు కాలాక చివరి పేజీ పట్టుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే.

కాలిన చిప్పు ఏం చూపించినా సున్నా అంటోంది. సున్నా అంటే శుద్ధ ఎర్రకాయ.

"గాజుకడ్డీని పట్టుగుడ్డతో రుద్దితే ఏమవుతుంది, ఫణీ?"

ఎంతో నెమ్మదిగా అడిగారు. ఎనిమిదో తరగతి పిల్లాడికి కూడా తెలిసిన పాఠం. అంతకు ముందు నెలలోనే ఫస్టియర్ వాళ్ళకి నేను ఆ పాఠం చెప్పాను. కడ్డీ కూడా చూపించాను. పట్టుగుడ్డ ఇంటి నుంచే తీసుకెళ్ళాను.

ఆయన తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. కుర్చీలో కూర్చుని ఆ చచ్చిన చిప్పుని అరచేతిలో పెట్టుకుని, దాని మీది కుంకుమని వేలితో మెల్లగా తుడిచారు. పోస్టుమాను కోసం లేచి నిలబడే ఆయన నాకు గుర్తొచ్చారు. ఏడుపొచ్చింది. ఆ రోజు నా మీద నాకు పుట్టిన అసహ్యం ఇప్పుడు తలుచుకున్నా పూర్తిగా నవ్వు రాదు.

అప్పుడు గుమ్మంలో నీడ పడింది. కోటయ్య గారు తిరిగొచ్చాడు. గుమ్మం బయట నిలబడి మొత్తం విన్నట్టున్నాడు. ఆయన హెడ్డుగారి దగ్గరికి కుర్చీ లాక్కుని, ఆయన లెక్కలో గుసగుసగా, అంటే కాలేజీ అంతటికీ వినపడేలాగా చెప్పాడు.

"నరసింహారావు గారూ, దీన్ని బాగు చెయ్యమాకండి. ఇట్టాగే నాకిచ్చెయ్యండి. యార్డులో నా బస్తాల పక్కన పెట్టుకుంటా. సైన్సే చెప్పింది కాదంటావా అని అడుగుతా కొనేవాణ్ణి."

హెడ్డుగారు తల ఎత్తారు. ఆయనకి కోపం రావడం నేను అదే మొదటిసారి చూడటం.

"అబద్ధం చెప్పే యంత్రాన్ని ఈ గది దాటించనండీ. మీరు బోరేలే వేసుకోండి."

 యంత్రాన్ని ఇలాగే ఇచ్చెయ్యమన్న మాట కోటయ్య గారు తమాషాకి అన్నాడో, నిజానికే అన్నాడో, మనిషిని పరీక్షించడానికి అన్నాడో నాకు ఇప్పటికీ తెలియదు. లేచి కండువా సర్దుకున్నాడు.

"అయితే ఇంకోటి తెప్పించండి. ఖర్చు నాది. ఈ పంతులు మాత్రం దాని చాయలకి రాకూడదు. వచ్చినా పత్తి బట్ట కట్టుకుని రమ్మనండి. మా చేలో పండేది అదేగా, దానికేం రోగం?"

రెండో చిప్పు వచ్చేసరికి మిరప కోతలు అయిపోయి, ఎండలు ముదిరిపోయాయి. హెడ్డుగారు దాన్ని బీరువాలో పెట్టి తాళంచెవి మొలతాడుకి కట్టుకున్నారు. బిగించే రోజున నేను నూలు చొక్కా, నూలు లుంగీతో కాలేజీకి వెళ్ళాను. అయినా నన్ను గుమ్మం దగ్గరే నిలబెట్టారు. అమ్మకి మాట కూడా చెప్పలేదు.

మళ్ళీ కోటయ్య గారు, మళ్ళీ గోతాలు, మళ్ళీ కిటికీల్లో విద్యార్థులు. ఎర్ర కాయకి పచ్చ బల్బు. తాలు కాయకి ఖణేల్మని గంట. పత్తికాయకి గంట. కండువాకి గంట. ఎన్ని కాయలు కలిపి ఇచ్చినా యంత్రం ఒక్కటి కూడా తప్పలేదు. హెడ్డుగారి మొహం చూడాలి అప్పుడు. పెదవి దాటని నవ్వు కళ్ళలోంచి కారిపోతోంది.

అంతా అయ్యాక కోటయ్య గారు నన్ను రమ్మని సైగ చేశాడు. ల్యాబు ఖాయం అని చెబుతాడనుకుని చేతులు కట్టుకుని వెళ్ళాను. క్లాసులోంచి అప్పుడే వచ్చానేమో, చేతుల నిండా సుద్దముక్క పొడి. ఆయన నా చెయ్యి పట్టుకుని లాగి కెమెరా కింద పెట్టి, మీట తనే నొక్కాడు.

ఖణేల్!

"ఇప్పుడు నమ్ముతానండీ మీ మిషన్ని," అన్నాడు హెడ్డుగారితో. "ల్యాబు కట్టుకోండి."

నేను హెడ్డుగారి వంక చూశాను. ఆయన ఎంతో గంభీరంగా, యంత్రం తీర్పు మీద మనకి అప్పీలు లేదు ఫణీ అన్నారు. అన్నారే గాని, తాలు అని రుజువైన ఏకైక లెక్చరర్ని జూన్‌లో పర్మనెంటు చేసింది కూడా ఆయనే. ఏరి పారేసిన కాయలకీ ఎక్కడో ఒకచోట బేరం కుదురుతుందని కోటయ్య గారు నన్ను ఓదార్చాడు.

చచ్చిన చిప్పు ఇంకా మా ఇంట్లో ఉంది. స్వామి తనకి కావాలని ఉంచుకున్నాడని అమ్మ దాన్ని పూజలోంచి తీయనివ్వలేదు. రోజూ బొట్టూ పువ్వూ అందుకుంటూ, ఏ కొలతా కొలవకుండా హాయిగా ఉంది.

దాని సాక్షిగా నేను ఆనాడే ఒట్టు పెట్టుకున్నాను. ఏ కాగితమైనా చివరి పేజీ నుంచి చదువుతానని, పట్టుబట్ట కట్టిన రోజున టార్చిలైటు కూడా ముట్టనని. ఇప్పటిదాకా ఆ ఒట్టు తప్పలేదు. నా పెళ్ళిలో పట్టుబట్టలు తప్పలేదు గాని, పెళ్ళికూతురి చెయ్యి అందుకునే ముందు లేచి వెళ్ళి పందిరి ఇనపగుంజ ముట్టుకుని, ఒంట్లో కరెంటు భూమిలోకి దింపుకుని వచ్చి మరీ కూర్చున్నాను. అదేం ఆచారం నాయనా అని అడిగారు పురోహితుడు. మా ఇంటి ఆచారమండీ అన్నాను. ఆయన ఆ తర్వాత చేయించిన పెళ్ళిళ్ళన్నిటిలోనూ పెళ్ళికొడుకుల చేత గుంజ ముట్టిస్తున్నారని విన్నాను.